యాత్రికులు కట్టిన అడ్వాన్సు మీ పెట్టుబడి కాదు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 34 ఏళ్లు. ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం. కొన్నాళ్లుగా మా వీధివాళ్లనీ, గుడికి వచ్చే పెద్దవాళ్లనీ అద్దె బస్సులో కాశీ, గయ, ప్రయాగ తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. అందరూ బాగా చూసుకున్నావంటున్నారు. ఉద్యోగం మానేసి సొంతంగా టూర్స్ ఆఫీసు పెట్టాలని ఉంది. కార్తీకమాసం ట్రిప్పుకి అప్పుడే 22 మంది మనిషికి 5,000 చొప్పున అడ్వాన్సు కట్టారు. ఆ 1,10,000తో షాపు అడ్వాన్సు, బోర్డు, కంప్యూటర్ ఖర్చు వెళ్లిపోతుంది. తరవాత వచ్చే డబ్బుతో ట్రిప్పు నడిపేయొచ్చు. ఒక ఫ్రెండ్ ఫైనాన్స్‌లో బస్సు కొనమంటున్నాడు. మా మామగారేమో "అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇంకా ఏజెంటు ఎవరికి కావాలి? థామస్ కుక్ అంతటి కంపెనీయే మూతపడింది" అని ఒకటే గొడవ. ముందుకెళ్లాలా, మానుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది. ట్రిప్పు లెక్కలు, ఏర్పాట్ల వివరాలు విడిగా రాసి పంపుతున్నాను. పేరు వేయొద్దు.

సమాధానం: వ్యాపారం పెట్టండి. కానీ ఆ 1,10,000 మాత్రం ముట్టుకోకండి. షాపు యజమానికి ఇప్పటికే మాట ఇచ్చి ఉంటే గడువు అడగండి. ఇవ్వనంటే ఇంటి ముందు గదిలోనే మొదలుపెట్టండి. మీ దగ్గరికి జనం బోర్డు చూసి రావడం లేదు, మిమ్మల్ని చూసి వస్తున్నారు.

"తరవాత వచ్చే డబ్బుతో ట్రిప్పు నడిపేయొచ్చు" అని మీరు రాసిన మాట చదివి నాకు భయమేసింది. టూర్లు నడిపేవాళ్ల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. మునిగినవాళ్లలో ఎక్కువమంది జనం రాక మునగలేదు, జనం బాగా వస్తున్న రోజుల్లోనే మునిగారు. ఈ ట్రిప్పు బిల్లులు వచ్చే ట్రిప్పు అడ్వాన్సులతో కట్టడం మొదట్లో సర్దుబాటులా ఉంటుంది. రెండో ఏటికి అదే పద్ధతైపోతుంది. బస్సులు తిరుగుతున్నంత కాలం లోటు ఎవరికీ కనపడదు, నడిపేవాడికి కూడా. ఎక్కడో ఒక సీజన్ దెబ్బతింటుంది. ఆ రోజున చేతిలో డబ్బు ఉండదు, డబ్బు కట్టిన జనం మాత్రం గుమ్మం ముందు ఉంటారు.

మీ మామగారు బ్రిటన్ టూర్ల కంపెనీ థామస్ కుక్ పేరెత్తడం మంచిదైంది. ఆయన చెప్పిన సంగతి నిజమే, చెప్పిన కారణం మాత్రం సరిగ్గా లేదు. ఆ కంపెనీ ఎలా పుట్టిందో, ఎలా పోయిందో తెలిస్తే మీ ప్రశ్నలకు సగం సమాధానం అందులోనే దొరుకుతుంది.

థామస్ కుక్ ఇంగ్లండులో చెక్కపని చేసుకునే మనిషి. మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేసేవాడు. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోలో జరిగే మద్యనిషేధ సభకు రైలు కంపెనీతో మాట్లాడి ప్రత్యేక రైలు పెట్టించాడు. మనిషికి ఒక షిల్లింగు చొప్పున దాదాపు 500 మందిని తీసుకెళ్లాడు. దూరం పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఆ తరవాత నాలుగేళ్లకు, 1845లో, లాభం కోసం మొదటి ట్రిప్పు లివర్‌పూల్‌కి వేశాడు. 1846లో దాదాపు 350 మందిని స్కాట్లాండు తీసుకెళ్లినప్పుడు అన్నీ తేడా కొట్టాయి. రైల్లో మరుగుదొడ్లు లేవు. దారిలో ప్రెస్టన్‌లో టీ ఇప్పిస్తామన్నారు, తీరా చూస్తే అక్కడ టీ లేదు. స్టీమరెక్కితే అందరికీ సరిపడా గదులు లేవు, చాలామంది రాత్రంతా డెక్ మీద వానలో తడిశారు. ఇలాంటి కష్టం మీకు చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి గయలో దిగాక బుక్ చేసిన గదులు వేరేవాళ్లకి ఇచ్చేశారని తెలిస్తే బస్సులో పెద్దవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో ఈ పని చేసిన ప్రతివాళ్లకీ తెలుసు.

ఆ దెబ్బతో కుక్ పని వదిలిపెట్టలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు లక్షన్నర మందికి పైగా జనాన్ని చేర్చాడు. వాళ్లలో చాలామంది మిల్లు కార్మికులు, ఒకేసారి డబ్బు కట్టలేనివాళ్లు. ఊరూరా సంఘాలు పెట్టించి వారం వారం కొంచెం కొంచెం దాచుకునేలా చేశాడు. 1868లో హోటల్ కూపన్లు తెచ్చాడు. యాత్రికుడు ముందే కుక్ ఆఫీసులో డబ్బు కట్టి కూపన్లు కొనుక్కుంటాడు, హోటల్లో ఆ కూపన్ ఇచ్చి భోంచేస్తాడు, పడుకుంటాడు. హోటల్‌వాడు ఆ తరవాత కూపన్లు పంపి కుక్ దగ్గర డబ్బు తీసుకుంటాడు. 1874లో దాదాపు ఇదే ఏర్పాటు డబ్బుకు కూడా వచ్చింది. ఆయన ఇచ్చిన కాగితం చూపిస్తే పరదేశంలో అక్కడి నాణేలు చేతికొచ్చేవి. తరవాతి కాలపు ట్రావెలర్స్ చెక్కులకు ఇదే పూర్వరూపం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. యాత్రికుడు ముందే ఇచ్చేశాడు, హోటల్‌వాడు తరవాత తీసుకుంటాడు. మధ్యలో ఆ డబ్బు కుక్ దగ్గరే ఉంది. ఈ వ్యాపారం పుట్టినప్పటి నుంచీ దాని బలం అదే, ప్రమాదమూ అదే. సరుకు అమ్మే షాపువాడు ముందు పెట్టుబడి పెట్టి కొంటాడు, అమ్మాక డబ్బు చూస్తాడు. మీకు అమ్మకానికి ముందే డబ్బొస్తుంది. చేతి నిండా కనిపిస్తుంది కాబట్టి సొంతమనిపిస్తుంది. కానీ యాత్రికుడు క్షేమంగా ఇల్లు చేరేదాకా అది అతని డబ్బే.

ఇప్పుడు కంపెనీ పోయిన కథకొద్దాం. 2019 సెప్టెంబరు 23 తెల్లవారుజామున లండన్‌లో థామస్ కుక్ మూతపడింది, మొదటి రైలు కదిలిన 178 ఏళ్లకు. ఆన్‌లైన్ పోటీ దాన్ని బాగా దెబ్బతీసిన మాట నిజమే, కానీ చంపింది అప్పు. 2007లో మైట్రావెల్ అనే ఇంకో పెద్ద టూర్ కంపెనీతో కలిసిపోయింది. ఆ విలీనంలో లెక్కేసుకున్న అదనపు విలువ ఉత్తదేనని ఒప్పుకుంటూ 2019 మేలో 110 కోట్ల పౌండ్లు లెక్కల పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. 2011లోనే ఒకసారి మునిగే దాకా వచ్చి బ్యాంకుల సాయంతో గట్టెక్కింది. ఆ అప్పుల వడ్డీలు కడుతూ కడుతూ, చివర్లో బ్యాంకులు ఇంకో 20 కోట్ల పౌండ్లు చూపించమంటే చూపించలేకపోయింది.

అది సెప్టెంబరులోనే ఎందుకు జరిగిందంటే, యూరప్ టూర్ కంపెనీలకు జనం డబ్బు వేసవికి ముందే వచ్చేస్తుంది. హోటళ్లకు మాత్రం రెండు మూడు నెలల గడువు పెట్టి సీజన్ అయ్యాక కడతారు. వేసవి పోయేసరికి కొత్త బుకింగులు తగ్గుతాయి, పాత బిల్లులన్నీ ఒక్కసారి మీద పడతాయి. కంపెనీ మూతపడడానికి రెండు రోజుల ముందు ట్యునీషియాలో హమ్మమెత్ అనే సముద్రతీరపు ఊళ్లో ఒక హోటల్ ఏం చేసిందో తెలుసా? కుక్ నుంచి బాకీ రాదేమోనన్న భయంతో, ఇంటికి బయల్దేరిన బ్రిటిష్ యాత్రికులను గేటు దగ్గరే ఆపేసి బిల్లు మళ్లీ కట్టమంది. వాళ్లంతా ఇంగ్లండులో పూర్తి డబ్బు కట్టి వచ్చినవాళ్లు. సూట్‌కేసులు పట్టుకుని, మూసిన గేటు వెనక, విమానం టైము దగ్గర పడుతుంటే నిలబడ్డారు. అందులో పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ హోటల్‌వాణ్ని తిట్టబుద్ధి కాదు నాకు. వంటవాళ్లకు, పనివాళ్లకు అతను జీతాలివ్వాలి కదా.

మన దేశంలో థామస్ కుక్ పేరుతో నడుస్తున్నది వేరే సంస్థ. 1881లో బొంబాయిలో పెట్టిన ఆఫీసే దానికి మూలం. కానీ 2012లో ఫెయిర్‌ఫాక్స్ అనే కెనడా సంస్థ దాన్ని కొనేసింది, అందుకే బ్రిటన్ కంపెనీతో పాటు అది పోలేదు. మామగారికి ఇది చెప్పండి. 2019లోనే మన దగ్గర పడిపోయిన టూర్ కంపెనీ కాక్స్ అండ్ కింగ్స్. దాని మూలాలు 1758 దాకా వెళ్తాయి. అది 2019 జూన్‌లో అప్పు వాయిదా ఎగ్గొట్టింది, అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. రెండు పాత పెద్ద పేర్లు ఒకే ఏడాది పోయాయి. రెండు చోట్లా తీరని అప్పే కనపడుతుంది.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన బస్సు సంగతి. దీనికి ఇంకో కథ చెప్పాలి. 1950లో వ్లదిమీర్ రైట్జ్ అనే ఆయన హొరైజన్ అనే తన కంపెనీ తరఫున 32 సీట్ల విమానం అద్దెకు తీసుకుని, లండన్ నుంచి కోర్సికా దీవికి జనాన్ని పట్టుకెళ్లాడు. విమానం, డేరాల్లో బస, భోజనం అన్నీ కలిపి మనిషికి 32 పౌండ్ల 10 షిల్లింగులు. ఈ రోజు మనం ప్యాకేజీ టూర్ అంటున్నది ఆ రూపంలో అక్కడే నిలదొక్కుకుంది. విమానం మొత్తం అద్దె ముందే ఖాయం. సీటు నిండినా ఖాళీగా వెళ్లినా ఆ ఖర్చు మారదు. కాబట్టి సీట్లన్నీ నిండుతాయన్న లెక్కతో ధర తగ్గించారు. అది చూసి ఇంకొకళ్లు ఇంకాస్త తగ్గించారు. 1960లు, 70ల్లో క్లార్క్‌సన్స్ అనే కంపెనీ లాభం మిగలనంత తక్కువకు అమ్మింది. వాళ్లకు విమానాలు నడిపే కోర్ట్ లైన్ సంస్థ, తన విమానాలు ఖాళీగా ఉండకూడదని, నష్టాల్లో ఉన్న ఆ టూర్ కంపెనీని తనే తీసుకుంది. రైట్జ్ పెట్టిన హొరైజన్‌ని కూడా తీసుకుంది. 1973లో చమురు ధర మండింది, బుకింగులు పడిపోయాయి. 1974 ఆగస్టు 15న అన్నీ కలిపి కుప్పకూలాయి. మండు వేసవి, సెలవుల సీజన్ మధ్యలో 50 వేల మంది దాకా పరదేశాల్లో ఉండిపోయారు. అడ్వాన్సు కట్టి ఇంకా బయల్దేరనివాళ్ల సంగతి వేరే.

సొంత బండి ఉంటే ఏమవుతుందో ఆ కథలో ఉంది. కిస్తీ కోసం బస్సు తిరగాలి, బస్సు తిరగడానికి ట్రిప్పు వేయాలి, ట్రిప్పు నిండడానికి ధర తగ్గించాలి. అప్పుడు మీరు యాత్రికుల కోసం పనిచేయరు, ఫైనాన్స్ కంపెనీ కోసం పనిచేస్తారు. ఆషాఢంలో, మూఢంలో, పరీక్షల నెలల్లో బస్సు షెడ్డులో ఉంటుంది. కిస్తీ మాత్రం ఆగదు. డ్రైవర్ జీతం, ఇన్సూరెన్సు, పర్మిట్, టైర్లు ఏవీ ఆగవు. ఇప్పుడున్నట్టే అద్దెకు తీసుకోండి. ఒకే యజమాని దగ్గర మంచి బస్సు, అలవాటైన ఇద్దరు డ్రైవర్లు కుదిరితే అంతకన్నా మీకు కావలసింది లేదు. బస్సు కొనే ఆలోచన కొన్నేళ్లు పక్కన పెట్టండి.

ధర విషయంలో మీరు పంపిన లెక్కలు చూశాను. అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెప్తున్నాను. 12 రోజుల ట్రిప్పుకి బస్సు అద్దె, టోల్, పర్మిట్, డ్రైవర్ బత్తా, వంటవాళ్ల కూలి కలిపి 3,00,000. ఇది ఎంతమంది వచ్చినా మారదు. గదులు, భోజనం, లోకల్ ఆటోలు మనిషికి 7,000. మీరు పెట్టిన ధర 16,000. 40 మంది వస్తే మీకు వచ్చేది 6,40,000, ఖర్చు 5,80,000, మిగులు 60,000. బాగానే ఉంది. కానీ 32 మందే వస్తే వచ్చేది 5,12,000, ఖర్చు 5,24,000. చేతి నుంచి 12,000 పోతుంది. 34 మంది వస్తే తప్ప గట్టున పడరు. పెద్దవాళ్లతో నడిచే ట్రిప్పులో ఆఖరి వారంలో జ్వరమనో, మనవడి పెళ్లిచూపులనో నలుగురైదుగురు మానుకోవడం మామూలే. అందుకే ధర ఎప్పుడూ 28 మంది లెక్కన వేసుకోండి. 3,00,000ని 28తో భాగించి 7,000 కలిపితే 17,700 పైచిలుకు. 18,000 పెట్టండి. 28 మందితో కూడా నష్టం రాదు. 40 నిండితే 1,40,000 మిగులుతుంది, అది వచ్చే దెబ్బకి కాచుకునే డబ్బు. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ దీనికి అదనం. మీకు ఎప్పటి నుంచి వర్తిస్తుందో ఆడిటర్ గారిని అడిగి, మొదటి నుంచే రసీదు పుస్తకం సరిగ్గా పెట్టుకోండి. పక్కవాడు 15,500కే తీసుకెళ్తున్నాడని ఎవరైనా అంటే వెళ్లనివ్వండి. ఆ ధరకు మీరూ దిగితే క్లార్క్‌సన్స్ దారి పట్టినట్టే.

ఇక ఫోన్ల సంగతి. మామగారి మాటలో బలమున్నది ఇక్కడే, కొట్టిపారేయకండి. టికెట్ కమిషన్ మీద బతికే రోజులు పోయాయి. అమెరికాలో 1995లోనే డెల్టా విమాన సంస్థ ఏజెంట్ల కమిషన్‌కు 50 డాలర్ల పరిమితి పెట్టింది. మిగతావాళ్లూ అదే బాట పట్టారు. మన దగ్గర 2002లో రైలు టికెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి, 2008కి విమాన సంస్థలు కూడా కమిషన్ తీసేసే పని మొదలుపెట్టాయి. మీరు పెట్టబోయేది టికెట్ల షాపైతే నేనూ వద్దనే చెప్పేవాణ్ని.

కానీ మీ దగ్గరికి వచ్చే 68 ఏళ్ల పెద్దావిడ టికెట్ కోసం రావడం లేదు. కాశీలో పెద్ద బస్సు సందుల్లోకి రాదు, ఊరి బయట ఆపి ఆటోల్లో వెళ్లాలి. ఆ ఆటో ఎక్కించేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. మోకాళ్ల నొప్పికి కింద గది కావాలి, వెస్టర్న్ టాయిలెట్ కావాలి. పొద్దున రొట్టె కాకుండా ఇడ్లీయో ఉప్మాయో కావాలి. గయలో పిండప్రదానం చేయించే పురోహితుడు ఎంత అడుగుతాడో ముందే తెలియాలి. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలనుకునేవాళ్లకు ఒక్క రాత్రి ప్యాకేజీ పనికిరాదు. ఇవేవీ ఫోన్‌లో దొరకవు. 1830 మేలో, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి దాదాపు వంద మందితో కాశీ బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ బస కుదురుతుంది అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ వెళ్లారు. వెనక వచ్చేవాళ్లకు అది ఎంత ఉపకారమో ఊహించండి. మీరూ ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ సత్రంలో ఎన్ని కింద గదులు, వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయి, బస్సు ఎక్కడ ఆపనిస్తారు, ఆంధ్రాశ్రమంలో గదికి ఎన్నాళ్లు ముందు చెప్పాలి, రాత్రి పదింటికి దొరికే డాక్టర్ ఎక్కడున్నాడు. మీ ఆస్తి ఆ పుస్తకమే, షాపు కాదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మొదటిది మీ సొంత ఐడీ మీద అందరికీ రైలు టికెట్లు తీయడం. ఉత్తరంలో మామూలు విషయంలా రాశారు. అధికారిక ఏజెంటు కాకుండా వ్యాపారంగా టికెట్లు తీసి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజే ఆపండి. కావాలంటే ఏజెన్సీ తీసుకోండి, లేదా ఎవరి టికెట్ వాళ్ల ఇంట్లో పిల్లల చేతే వాళ్ల ఐడీ మీద తీయించండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి మీ ప్లానింగ్ కూడా దాన్ని బట్టే ఉండాలి.

రెండోది ప్రాణాల విషయం. మీ వంటవాళ్లు గ్యాస్ సిలిండర్ బస్సు డిక్కీలో తెస్తారని రాశారు. 2023 ఆగస్టులో మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలు కోచ్‌లో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన సిలిండర్‌తో వంట చేస్తుండగా మంటలంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. తీర్థయాత్రకు వచ్చినవాళ్లు. వద్దండీ. సత్రాల్లో వంటశాలలు అద్దెకిస్తారు, అక్కడ వండించండి. కుదరని రోజు హోటల్ భోజనం పెట్టించండి, మనిషికి ఇంకో రెండొందలు ధరలో కలపండి. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరులో పడవ మునిగినప్పుడు మీ ఊరు ఎంత ఏడ్చిందో నేను చెప్పనక్కర్లేదు. పడవైనా బస్సైనా సీటు మీరు అమ్ముతున్నారంటే, ఫిట్‌నెస్ కాగితం, అత్యవసర ద్వారం, లైఫ్ జాకెట్లు మీ కళ్లతో చూసి ఉండాలి.

మళ్లీ ఆ డబ్బు దగ్గరికి వస్తాను. 1974 దెబ్బ తరవాత బ్రిటన్‌లో చట్టం చేసి, ప్రతి టూర్ ధరలో కొంత తీసి ఒక నిధి పెట్టారు. ఈ రోజుకీ అక్కడ విమాన ప్యాకేజీ కొన్న ప్రతి మనిషి మీద రెండున్నర పౌండ్లు ఆ నిధికి వెళ్తాయి. 2019లో థామస్ కుక్ పడిపోయినప్పుడు పరదేశాల్లో ఉన్న లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికులను రెండు వారాల్లో వెనక్కి తేగలిగారు. మన దగ్గర యాత్రికులకు అలాంటి నిధి లేదు. అడ్వాన్సు పోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, ఏళ్లు తిరగాలి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడినప్పుడు చూశాం కదా. రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, జనం డబ్బు వెనక్కి అడిగారు. అడ్వాన్సులు అప్పటికే ఖర్చుపెట్టేసినవాళ్లు ఫోన్లు ఎత్తలేదు. విడిగా దాచినవాళ్లు ఇచ్చేశారు, 2022లో వాళ్ల బస్సులే ముందు నిండాయి.

చట్టం లేదు కాబట్టి ఆ పని మీరే చేసుకోండి. బ్యాంకులో రెండో ఖాతా తెరవండి. యాత్రికులు ఇచ్చే ప్రతి రూపాయి అందులోకే వెళ్లాలి, నగదుగా ఇచ్చినా మర్నాడు అందులో వేయాలి. అందులోంచి తీయడానికి రెండే కారణాలుండాలి: ఆ ట్రిప్పుకే సంబంధించిన బస్సు, గదులు, భోజనం, లేదా ఆ యాత్రికుడికే తిరిగి ఇవ్వడం. మీ లాభం బస్సు రాజమండ్రి చేరాక మీ ఖాతాలోకి మార్చుకోండి, ఒక్కరోజు ముందు కూడా వద్దు. ఖాతా మీ ఒక్కరి సంతకంతో కాకుండా మీ ఆవిడ సంతకం కూడా ఉండేలా పెడితే ఇంకా మంచిది. అవసరం ముంచుకొచ్చిన రోజున ఒంటరిగా నిర్ణయం తీసుకునే పరిస్థితి ఉండదు.

ఆఫీసు ఖర్చుకి డబ్బు ఎక్కడిదంటారా? జీతంలోంచి దాచినది, లేదా పోయిన ట్రిప్పుల్లో మిగిలినది. అదీ లేకపోతే ఇంకో రెండు మూడు ట్రిప్పులు ఉద్యోగంలో ఉంటూనే వేయండి. మీ యజమానికి తెలియకుండా మాత్రం వద్దు, సెలవు పెట్టి ఏం చేస్తున్నారో చెప్పండి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నప్పుడు ఉద్యోగం మానండి.

ఆ 22 మందికీ ఈ వారమే కాగితం ఇవ్వండి. ఇంత కట్టారు, బయల్దేరే తేదీ ఇది, ధరలో ఏమేం ఉన్నాయి, ఏవి లేవు. నెల ముందు మానుకుంటే ఎంత వెనక్కి వస్తుంది, వారం ముందైతే ఎంత. 28 మంది కాకపోతే ట్రిప్పు ఉంటుందా, ఉండకపోతే ఎన్ని రోజుల్లో మొత్తం తిరిగి ఇస్తారు. మన తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్క పేజీలో రాయండి. తెలిసినవాళ్లే కదా, కాగితాలెందుకు అనిపిస్తుంది. తెలిసినవాళ్లతోనే మాట తేడా వస్తే వీధిలో తలెత్తుకోవడం కష్టం.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా. 2027లో గోదావరి పుష్కరాలు. ఇన్నాళ్లూ మీ ఊరి నుంచి జనాన్ని బయటికి తీసుకెళ్లారు, అప్పుడు దేశమంతా మీ ఊరికే వస్తుంది. తెలంగాణ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికాలో ఉన్నవాళ్ల తల్లిదండ్రుల తరఫున ఫోన్లు వస్తాయి, ఎంతైనా ఇస్తామంటారు. పన్నెండు రోజుల పండగ, అద్దెలు రోజుకో రకంగా మారతాయి. గది ఇస్తానన్నవాడు ఆఖర్లో ఎక్కువ ఇచ్చినవాడికి ఇచ్చేస్తాడు. ఇప్పటి నుంచే తెలిసిన ఇళ్లవాళ్లతో, కల్యాణమండపాలవాళ్లతో మాట్లాడి, ఎన్ని గదులు, ఏ తేదీలు, ఎంత అద్దె అని సంతకాలతో రాయించుకోండి. ఆ కాగితం మీ చేతికి రాకముందు పుష్కరాల పేరు చెప్పి ఒక్కరి దగ్గర కూడా అడ్వాన్సు తీసుకోవద్దు.